బండి వేడెక్కి, కింది గేర్లలో లాగనప్పుడు: చక్రం దగ్గర నుంచి ఇంజిన్ దాకా చేయవలసిన పరీక్షలు

ఇసుకలో, రాళ్లదారుల్లో ఆఫ్‌రోడ్ మోటార్‌సైకిల్ నడిపేవారి నోట తరచుగా వినపడే ఫిర్యాదులు రెండు. కొంతదూరం పోగానే బండి విపరీతంగా వేడెక్కుతోందనేది మొదటిది. మొదటి రెండు గేర్లలో పికప్ లేక, ఇసుకలోనో ఎత్తు మీదనో ఆక్సిలరేటర్ ఎంత తిప్పినా బండి లాగడం లేదనేది రెండవది. ఈ రెండూ ఒకే బండిలో ఒకేసారి కనిపించినప్పుడు వాటిని రెండు జబ్బులుగా చూసి రెండు మందులు వేస్తే డబ్బూ కాలమూ వృథా అవుతాయి. పెట్రోలులో ఉన్న శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే చక్రం దాకా చేరుతుంది. మిగిలినదంతా వేడిగా మారి సైలెన్సర్ గుండా, ఇంజిన్ గోడల గుండా బయటికి పోతుంది. చక్రానికి చేరవలసిన ఆ కొంచెం శక్తిని దారిలో ఏదైనా మింగేస్తే, లేదా లోపల మంట సరైన సమయంలో సరైన పాళ్లలో మండకపోతే, బలం తగ్గడమూ వేడి పెరగడమూ కలిసే జరుగుతాయి. కాబట్టి పరీక్షను చక్రం దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ వైపు రావాలని నేను గట్టిగా చెబుతాను. చక్రం దగ్గరి పరీక్షలకు పైసా ఖర్చు లేదు. ఇంజిన్ ఒకసారి విప్పించామంటే తిరిగి బిగించే దాకా ఖర్చే.

ఈ క్రమం విలువ నాకు నష్టపోయాకే తెలిసింది. ఒక వేసవిలో సోమశిల దిగువన పెన్న ఇసుకలో నా 200 సీసీ బండి రెండు ఫర్లాంగులు పోకముందే మాడువాసన కొట్టి, సెకండ్ గేరులో ముక్కుతూ ఆగిపోయింది. దగ్గరలోని ఒక షెడ్డులో చూపిస్తే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ పుట్టించే ఒత్తిడి) పోయిందన్నారు. హెడ్డు విప్పి రింగులు మార్చారు. మళ్లీ అదే ఇసుకలో అదే కథ జరిగింది. తీరా చూస్తే, మందపాటి బూట్లకు అందాలని అంతకు కొద్దిరోజుల ముందు నేనే వెనక బ్రేకు పెడల్‌ను పైకి సర్దాను. ఆ సర్దుబాటులో పెడల్‌కు ఉండవలసిన వదులు పూర్తిగా పోయింది. వెనక చక్రం పొడుగునా బ్రేకు పట్టుకునే తిరుగుతూ వచ్చింది.

ముందుగా, అది నిజంగా లోపమేనా అన్నది తేల్చుకోవాలి. మైపాడు తీరంలోని మెత్తని ఇసుకలో మొదటి గేరులో గంటకు పది కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఇంజిన్ మీద భారం కొండ ఎక్కినంత ఉంటుంది, ఎదురుగాలి మాత్రం పరుగెత్తే మనిషికి తగిలినంతే ఉంటుంది. పైగా రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో మా నెల్లూరు జిల్లా గాలే నలభై డిగ్రీలు దాటి ఉంటుంది. రేడియేటర్ అయినా, సిలిండర్ రెక్కలయినా, తమకూ చుట్టూ ఉన్న గాలికీ మధ్య ఉన్న వేడి తేడాను బట్టే వేడిని వదలగలవు. గాలే వేడిగా ఉంటే ఆ తేడా తగ్గిపోతుంది. అటువంటి చోట పావుగంటకొకసారి నీడలో ఆపవలసి రావడం లోపం కాదు. అదే బండి ఉదయం చల్లటి పూట, గట్టి మట్టిబాట మీద, మూడో గేరులో పోతూ కూడా వేడెక్కితే మాత్రం అది లోపమే. నిదానంగా పోయినప్పుడే వేడెక్కి వేగం అందుకోగానే చల్లబడితే ఫ్యానును, గాలి ప్రసరణను అనుమానించాలి. వేగంలో కూడా వేడి దిగకపోతే కూలంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ప్రసరణను, ఆయిల్‌ను, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని అనుమానించాలి. ఈ తేడాను ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే తరువాతి పని సగం తగ్గుతుంది.

చక్రాలు, బ్రేకులు, చైను

బండిని సెంటర్ స్టాండు మీదనో, ఇంజిన్ కింద గట్టి పెట్టె పెట్టో వెనక చక్రం నేలకు తగలకుండా నిలిపి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పాలి. ప్యాడ్లు డిస్కును సన్నగా రాసుకునే చప్పుడు సహజమే గాని, చక్రం ఒకటి రెండు చుట్లయినా స్వేచ్ఛగా తిరగాలి. బ్రేకు ఒకసారి గట్టిగా నొక్కి వదిలిన తరువాత మళ్లీ తిప్పి చూడాలి. వదిలాక కూడా చక్రం బిగుసుకుంటే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిస్టన్ మట్టి పట్టి వెనక్కి రావడం లేదన్నమాట. ముందు చక్రానికీ ఇదే పరీక్ష చేయాలి. తరువాత బ్రేకు వాడకుండా ఒక కిలోమీటరు నడిపి, దానంతట అదే ఆగేట్టు వదిలి, డిస్కు దగ్గరకు అరచేయి తీసుకువెళ్లి చూడాలి. డిస్కును ముట్టుకోకూడదు. బ్రేకు వాడకపోయినా సెగ తగిలితే దొంగ దొరికినట్టే.

నా బండికి జరిగినదాన్ని కొంచెం వివరించడం అవసరం, ఎందుకంటే ఇది చాలామంది షెడ్డువాళ్లు కూడా గమనించని విషయం. పెడల్ నొక్కగానే బ్రేకు ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడే బ్రేకు ఆయిల్ తిరిగి డబ్బాలోకి వెళ్లే చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. పెడల్‌కు వదులు లేకుండా, దాన్ని పిస్టన్‌కు కలిపే కడ్డీని పొడిగిస్తే పిస్టన్ కొద్దిగా ముందే నిలిచిపోయి ఆ రంధ్రం మూసుకుంటుంది. అప్పుడు ఆయిల్ వేడెక్కి వ్యాకోచించినా పోవడానికి దారి ఉండదు; ప్యాడ్లను మరింత నొక్కుతుంది; ఆ ఒరిపిడికి మరింత వేడి పుడుతుంది. చల్లగా ఉన్నప్పుడు చక్రం బాగానే తిరుగుతుంది కాబట్టి షెడ్డులో లోపం బయటపడదు. కడ్డీకీ పిస్టన్‌కూ మధ్య సన్నని వదులు ఉండేట్టు సర్దితే చాలు. రాళ్లలో నిలబడి నడిపేటప్పుడు తెలియకుండానే పాదం పెడల్ మీద ఆనించే అలవాటు ఉన్నవారు అదే నష్టాన్ని కాలితోనే చేస్తారు.

చైను మరీ బిగుతుగా ఉన్నా శక్తి వృథా అవుతుంది. ఆఫ్‌రోడ్ బండికి వెనక సస్పెన్షన్ ఎక్కువ దూరం కదులుతుంది కాబట్టి సాధారణ బండికంటే చైను వదులుగానే ఉండాలి. ఎంత ఉండాలో కంపెనీ పుస్తకంలో చూసి, స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, చక్రం ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు కూడా కొంచెం వదులు మిగిలిందో లేదో సరిచూసుకోవాలి. టైర్లలో గాలి తగ్గించి ఇసుకలో తిరిగి, మళ్లీ నింపకుండానే తారురోడ్డు ఎక్కేవారికి కూడా బండి లాగనట్టే అనిపిస్తుంది.

క్లచ్

క్లచ్ జారితే ఇంజిన్ మోత పెరుగుతుంది గాని బండి వేగం పెరగదు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో మధ్యస్థ వేగంతో పోతూ ఒక్కసారిగా ఆక్సిలరేటర్ తెరవాలి. ఇంజిన్ మోత ఎగబాకి, బండి ఆ తరువాత తాపీగా అందుకుంటే క్లచ్ జారుతున్నట్టే. అయితే ప్లేట్లు మార్చే ముందు లివర్ దగ్గర వదులు చూడాలి. చాలా బండ్లకు లివర్ చివర పది నుంచి ఇరవై మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అది లేకపోతే కొత్త ప్లేట్లు వేసినా కాలిపోతాయి. ఇంజిన్ ఆయిలే క్లచ్‌ను కూడా తడిపే బండ్లలో కారు ఆయిల్ పోయడం మరొక పెద్ద తప్పు. రాపిడి తగ్గించడానికి కార్ల ఆయిల్‌లో కలిపే పదార్థాలు క్లచ్ పట్టును తగ్గిస్తాయి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఇటువంటి క్లచ్‌కు సరిపడే ఆయిల్‌ను సూచించే జపాన్ ప్రమాణం) అని ఉన్న ఆయిల్‌నే, పుస్తకంలో చెప్పిన గ్రేడులోనే వాడాలి. ఇసుకలో హాఫ్ క్లచ్ మీద ఎక్కువసేపు నడిపినప్పుడు పుట్టే వేడి అంతా నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకే చేరుతుందని గుర్తుంచుకోవాలి.

చల్లబరిచే ఏర్పాటు

హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ, పాత హిమాలయన్ 411 వంటి బండ్లు గాలితోనూ ఆయిల్ కూలర్‌తోనూ చల్లబడతాయి. వీటిలో చూడవలసినవి తక్కువే. మాగాణి గట్ల మీద తిరిగినప్పుడు బురద సిలిండర్ రెక్కల మధ్య చేరి, ఎండి, ఇటుకలా గట్టిపడుతుంది. దానిని నీటితో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తీయాలి. ఆయిల్ కూలర్ ముందు బురద పేరుకుందేమో, ఇంజిన్ ఆయిల్ మట్టం గుర్తుల మధ్య ఉందో లేదో చూడాలి. ఆయిల్ తక్కువగా ఉన్న ఇంజిన్‌ను ఏ గాలీ కాపాడలేదు.

హిమాలయన్ 450, కేటీఎం 390 అడ్వెంచర్ వంటి కూలంట్ బండ్లలో పని కొంచెం ఎక్కువ. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకూడదు. ఒత్తిడి కింద ఉన్న కూలంట్ ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి మట్టం చూడాలి. పక్కన ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నిండుగా కనిపించినా రేడియేటర్ ఖాళీగా ఉండవచ్చు. మామూలు నీరు 100 డిగ్రీల దగ్గర మరిగితే, 1.1 బార్ మూత బిగించిన రేడియేటర్‌లో అదే నీరు సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. అంటే మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలపలేకపోతే, మిగతా అన్నీ బాగున్నా బండి కూలంట్ కక్కుతుంది. కొత్త రేడియేటర్ కొనే ముందు కొత్త మూత వేసి చూడడం వివేకం. దారిలో బోరింగు నీళ్లు పోసి ఇంటికి చేరడం తప్పనిసరి కావచ్చు గాని, ఆ ఉప్పునీటిని లోపలే వదిలేస్తే సన్నని గొట్టాల్లో ఉప్పు గట్టి పొరగా పేరుకుంటుంది. ఇంటికి రాగానే దింపేసి, పుస్తకంలో చెప్పిన కూలంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో చెప్పిన పాళ్లలో కలిపి పోయాలి.

ఫ్యాను తిరగకపోతే ముందు ఫ్యూజు, తరువాత కనెక్టర్ చూసి, ఫ్యాను వైర్లను నేరుగా బ్యాటరీకి కలిపి పరీక్షించాలి. నేరుగా తిరిగితే లోపం సెన్సార్‌లోనో రిలేలోనో ఉంటుంది. థర్మోస్టాట్ (వేడెక్కాక కూలంట్‌కు దారి తెరిచే వాల్వు) మీద అనుమానం ఉంటే దానిని విప్పి గిన్నెలో నీళ్లతో పాటు కాచాలి; దాని మీద రాసి ఉన్న వేడికి తెరుచుకోవాలి. దానిని తీసి పారేసి నడిపే అలవాటు మంచిది కాదు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం నుంచి కూలంట్ చుక్కలు పడుతుంటే సీలు పోయింది. ఇంజిన్ ఆయిల్ పాలటీలా మారితే కూలంట్ లోపలికి చేరింది. చల్లటి ఇంజిన్‌ను మూత తీసి ఆన్ చేసినప్పుడు రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (హెడ్డుకూ సిలిండర్‌కూ మధ్య ఉండే సీలును) అనుమానించాలి. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న మట్టినీ, తీరం వెంట సరుగుడు తోపుల్లో చేరిన ఆకునూ వెనక నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్‌తో దగ్గర నుంచి కొట్టిస్తే ఆ మెత్తని రెక్కలు వంగి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. సముద్రపు ఇసుకలో తిరిగిన బండిని అదే రోజు మంచినీటితో కడగాలి.

గాలి, పెట్రోలు

వేడీ నీరసమూ కలిసి వచ్చే బండిలో, బ్రేకులూ క్లచ్చూ బాగున్నాయని తేలాక, నేను మొదట అనుమానించేది పలచబడిన మిశ్రమాన్నే. పెట్రోలు పాలు తగ్గి గాలి పాలు పెరిగినప్పుడు మంట నిదానంగా పాకుతుంది. పిస్టన్‌ను నెట్టవలసిన వేడి ఆలస్యంగా విడుదలై సిలిండర్ గోడలకూ ఎగ్జాస్ట్ వాల్వుకూ పోతుంది. చల్లటి ఇంజిన్ చోక్ లేకుండా నిలబడకపోవడం, ఆక్సిలరేటర్ వదిలాక మోత వెంటనే దిగకుండా వేలాడడం, కొద్దిగా తిప్పగానే దగ్గినట్టు ఆగి తరువాత అందుకోవడం, వదిలినప్పుడు సైలెన్సర్‌లో పటపటమనడం దీని గుర్తులు.

మొదట కార్బురేటర్ లేదా థ్రాటిల్ బాడీకీ హెడ్డుకూ మధ్య ఉన్న రబ్బరు మెడను చూడాలి. వెలుగులో వంచి చూస్తేనే కనిపించే సన్నని పగుళ్లు చాలు గాలి చొరబడడానికి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆ మెడ చుట్టూ నీటిని స్ప్రే బాటిల్‌తో సన్నగా కొట్టాలి; మోత మారితే అక్కడ చీలిక ఉంది. కొందరు దీనికి పెట్రోలు వాడతారు. వేడి సైలెన్సర్ పక్కన అది ప్రాణాంతకం.

కార్బురేటర్ బండ్లలో పెట్రోలును కొలతగా వదిలే సన్నని రంధ్రపు మరలను జెట్లంటారు. స్లో జెట్ ఆక్సిలరేటర్ మొదటి పావు వంతును, సూది పావు నుంచి ముప్పావు దాకా, మెయిన్ జెట్ చివరి భాగాన్ని ప్రధానంగా నడిపిస్తాయి. కింది గేర్లలో, నిదానంలో నీరసం ఉన్న బండికి మెయిన్ జెట్ మార్చడం వల్ల ప్రయోజనం ఎందుకు ఉండదో దీన్ని బట్టి తెలుస్తుంది. రెండు మూడు నెలలు కదలకుండా నిలిచిన బండిలో స్లో జెట్ రంధ్రం జిగురుతో మూసుకుపోవడం సర్వసాధారణం. దానిని విప్పి, కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టి, ఆకాశం వైపు పెట్టి చూస్తే గుండ్రని వెలుగు కనిపించాలి. ఇనుప తీగతో పొడవకూడదు, రంధ్రం పెద్దదవుతుంది. సీవీ రకం కార్బురేటర్‌లో స్లయిడును పైకి లేపే రబ్బరు పొర (డయాఫ్రమ్) చిరిగినా స్లయిడు సరిగా లేవక బండి లాగదు.

ఇంధనం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే సాధారణమయింది. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక పాలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలసి ఉండగా, ఈ మిశ్రమానికి సుమారు 13.5 పాళ్లు చాలు. సెన్సార్లున్న ఇంజెక్షన్ బండ్లు ఈ తేడాను కొంతవరకు తామే సర్దుకుంటాయి. పాత కార్బురేటర్ బండికి ఆ తెలివి లేదు. అదే జెట్లతో అది ఏడెనిమిది శాతం పలచగా మండుతుంది. ఇప్పటికే పలచగా ఉన్న బండి అయితే సూది క్లిప్పును ఒక గాడి కిందికి మార్చి సూదిని పైకి లేపడం, స్లో జెట్ ఒక సైజు పెంచడం న్యాయమైన పరిష్కారం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలమంతా నిలిచిన బండి ట్యాంకు అడుగున నీరు ఉందేమో చూడడం మరువకూడదు.

ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే కార్బురేటర్ బండిలో మిశ్రమం చిక్కబడుతుంది. నల్లపొగ, నల్లబారిన ప్లగ్ కనిపిస్తాయి. నీరసం ప్రధానంగా పై వేగంలో తెలుస్తుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు దారుల్లో లేచే రాతిపొడిలో ఒక్కరోజు తిరిగినా ఫిల్టర్ తీసి చూడాలి. ఫోమ్ ఫిల్టర్‌ను కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి, మిగులు పిండి బిగించాలి. పొడి ఫోమ్ గుండా రాతిపొడి నేరుగా సిలిండర్‌లోకి పోతుంది.

ఇగ్నిషన్, టాపెట్లు, కంప్రెషన్

ప్లగ్ తీసి కొన రంగు చూడాలి. లేత కాఫీ రంగు మంచిది, తెల్లగా కాలినట్టుంటే పలచన, పొడి నల్లటి మసి ఉంటే చిక్కదనం, జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది. తప్పు హీట్ రేంజ్ (వేడిని వదిలే సామర్థ్యం) ఉన్న ప్లగ్ వేసి ఉంటే ఈ రంగులు మోసం చేస్తాయి, కాబట్టి నంబరు సరిపోల్చుకోవాలి. ప్లగ్ ఆలస్యంగా కొడితే పలచని మిశ్రమంతో వచ్చే ఫలితమే వస్తుంది: బలం తగ్గుతుంది, బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు పోయే గొట్టం) ఎర్రబడేంత వేడెక్కుతుంది. మ్యాగ్నెట్‌ను క్రాంక్ మీద కదలకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప చీల (వుడ్‌రఫ్ కీ) కొద్దిగా తెగినా టైమింగ్ పక్కకు జరుగుతుంది. బండి రాళ్ల మీద పడి ఇంజిన్ ఒక్కసారిగా ఆగిన తరువాత ఈ లక్షణాలు మొదలైతే దీన్ని తప్పక చూడాలి.

టాపెట్ చప్పుడు రావడం లేదని సంతోషించేవారు ఒక సంగతి గమనించాలి. వాల్వు తన సీటులోకి అరిగే కొద్దీ చాలా ఇంజిన్లలో క్లియరెన్స్ (వాల్వుకూ దాన్ని నొక్కే టాపెట్‌కూ మధ్య సందు) తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. చివరికి ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ కారిపోతుంది. వాల్వు తన వేడిని సీటుకు ఆనినప్పుడే వదలగలదు గనుక అది కాలిపోతుంది కూడా. వేడి మీద స్టార్టు కాకపోవడం, ఐడ్లింగ్ నిలవకపోవడం, కింది బలం పోవడం దీని జాడలు. ఇంజిన్ రాత్రంతా చల్లారాక, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ పైకొసన ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో కొలిచి, పుస్తకంలోని అంకెకు సర్దాలి.

ఆ తరువాతే కంప్రెషన్ గేజ్ పెట్టాలి. ఆక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కొలవాలి. అంకె తక్కువ వస్తే ప్లగ్ రంధ్రం గుండా ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులూ బోరూ, పెరగకపోతే వాల్వులు. సులభంగా స్టార్టు కావడానికి కొంత ఒత్తిడిని వదిలేసే డీకంప్రెషన్ ఏర్పాటు ఉన్న ఇంజిన్లలో బాగున్నా తక్కువ అంకె వస్తుంది కాబట్టి ఆ ఒక్క అంకెను నమ్మి హెడ్డు విప్పకూడదు. నా బండికి జరిగిన పొరపాటు ఇటువంటిదే.

రాయి తగిలి బెండ్ పైపు లోపలికి నొక్కుకుపోయిందా, సైలెన్సర్ చివర మసితో, కందిరీగ గూడుతో మూసుకుందా అన్నది కూడా ఒకసారి చూడాలి.

టూ స్ట్రోక్ బండ్లు

ఆర్‌ఎక్స్ 100 వంటి పాత బండ్లను మట్టిబాటలకు మార్చుకున్నవారు రీడ్ వాల్వు (మిశ్రమాన్ని లోపలికి మాత్రమే పోనిచ్చే వాల్వు) రేకులను ముందు చూడాలి. వాటి కొన విరిగినా, మూసుకోకుండా సందు మిగిలినా మొదటి నష్టం కింది బలానికే. మ్యాగ్నెట్ వైపు క్రాంక్ సీలు పోతే గాలి లోపలికి పీల్చుకుని మిశ్రమం పలచబడి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ కాలి తెల్లపొగ ఆగదు. వేడెక్కుతోందని పెట్రోలులో ఆయిల్ ఎక్కువ కలపడం విరుగుడు కాదు. ఆయిల్ పెరిగిన మేరకు జెట్ గుండా పోయే పెట్రోలు తగ్గి మిశ్రమం ఇంకా పలచబడుతుంది.

స్ప్రాకెట్

ఇవన్నీ సరిచేశాక కూడా ఇసుకలో, రాతి ఎక్కుడులో మొదటి గేరు పొడుగ్గా అనిపిస్తే అప్పుడు స్ప్రాకెట్ గురించి ఆలోచించవచ్చు. ఉదాహరణకు ముందు 13, వెనక 40 పళ్లున్న బండిలో నిష్పత్తి సుమారు 3.08. ముందు 12 వేస్తే 3.33 అవుతుంది, అంటే చక్రం దగ్గర లాగుడు ఎనిమిది శాతం పెరుగుతుంది. అదే ఫలితానికి వెనక సుమారు మూడు పళ్లు పెంచాలి. హాఫ్ క్లచ్ వాడకం తగ్గుతుంది కాబట్టి వేడి కూడా తగ్గుతుంది. హైవే మీద మాత్రం అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరగాలి. నెల్లూరు నుంచి కావలి దాకా రోజూ తారురోడ్డు మీద పోయేవారికి నేను దీన్ని సూచించను. స్ప్రాకెట్ మారిస్తే చైను సర్దడానికి వెనక ఇరుసును జరపవలసి వస్తుంది. ఇరుసు బిగించాక రెండు పక్కల గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో, బ్రేకు పెడల్‌కు వదులు మిగిలిందో లేదో మళ్లీ చూసి, చక్రాన్ని మరొకసారి చేత్తో తిప్పాలి.